పెద్ద హుక్కు

మాట పడిపోయాక గవరయ్య తన కూతుర్ని "బంగారుతల్లీ" అన్నాడు. నోరు నిక్షేపంగా పనిచేసిన అన్నేళ్ళలో ఒక్కసారీ అనని మనిషి. మంచం పక్కనున్న తెర మీద ఆ మాట కనబడిన రోజు నూకరత్నం ల్యాబు బాత్రూములోకి పోయి, గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని ఆ మాటను తన ఫోనులో దాచుకుంది.

గవరయ్యకు మొదట్నుంచీ మాటలతో పెద్దగా పనిలేదు. విశాఖ ఓడరేవులో క్రేన్ సిగ్నల్‌మేన్‌గా చేశాడు. పైన గాజుగదిలో కూర్చున్న క్రేన్ డ్రైవరుకి కింద ఓడ కడుపులో ఏముందో కనబడదు. కింద నిలబడ్డ సిగ్నల్‌మేన్ చేతులు చూసి ఎత్తుతాడు, దించుతాడు, ఆపుతాడు. సముద్రపు గాలిలో, ఆ ఇనుప రొదలో ఎంత అరిచినా వినబడదు కాబట్టి అంతా సైగలే. పొద్దస్తమానం సైగలు చేసిన చేతులు ఇంటికొచ్చాక ఊరుకుంటాయా? అన్నం ఇంకా వడ్డించమనడానికి చూపుడువేలు కంచంకేసి చూపించి గుండ్రంగా తిప్పేవాడు. చాలనుకుంటే అరచెయ్యి కిందికి పెట్టి అడ్డంగా ఊపేవాడు. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేటి, సెప్పొచ్చు కదా" అని ఆయన భార్య పైడమ్మ సణుగుతూనే ఆ సైగలన్నీ నేర్చేసుకుంది.

పిల్లలకైతే అదొక ఆట. క్రేన్‌కి రెండు హుక్కులుంటాయి. పిడికిలితో నెత్తిన తట్టుకుంటే పెద్ద హుక్కు, మోచేతిని తట్టుకుంటే చిన్న హుక్కు. ఇంట్లో పెద్ద హుక్కు నూకరత్నం, చిన్న హుక్కు ఆమె తమ్ముడు. తండ్రి వీధి చివర నిలబడి నెత్తి తట్టుకుంటే చాలు, ఆడుతున్న ఆట ఎక్కడిదక్కడ వదిలేసి ఆ పిల్ల పరిగెత్తుకొచ్చేది.

ఒక్క సైగతో మాత్రం ఆయన ఆటలాడనిచ్చేవాడు కాదు. రెండు చేతులూ పక్కలకి బారజాపి, అరచేతులు నేలకేసి పెట్టి అటూ ఇటూ ఊపితే, ఉన్నపళంగా ఆపమని. ఓసారి తమ్ముడి మీద గెలవడానికి రత్నం ఆ సైగ చేస్తే వీపు మీద ఒక్కటి పడింది. ఏడుపు తగ్గాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆయన లెక్కకి అది ఉపన్యాసమే.

"మిగతా సైగలు నాను ఇస్తేనే డ్రైవరు ఇంటాడు. ఇది మాత్రం టీ అమ్మేవోడు ఇచ్చినా ఆపీయాల. ముందు ఆగాల. ఎందుకని తరవాత అడుక్కోవచ్చు."

అలాంటి మనిషికి ఒకరోజు మెదడులో నరం చిట్లింది. కాలూ చెయ్యీ సరే, కళ్ళు తిప్పడం కూడా చేతకాకుండా పోయింది. లోపల మనిషి మెలకువగానే ఉన్నాడనీ, అన్నీ వింటున్నాడనీ పరీక్షల్లో తేలింది. ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

నూకరత్నం అప్పటికే డాక్టర్ పద్మాకర్ దగ్గర పనిచేస్తోంది. సముద్రానికి ఎదురుగా గుట్ట మీదున్న ఆసుపత్రిలో ఆయనదొక ల్యాబు. సరిగ్గా ఇలాంటివాళ్ళ కోసమే ఆయన "వాక్కు" అనే చిప్పు తయారుచేశాడు. గోరంత ఉంటుంది. మెదడులో పెడితే, నాలుకో పెదవో చెయ్యో కదపాలని మనిషి అనుకున్నప్పుడు పుట్టే అలజడిని పట్టుకుంటుంది. పట్టుకున్న ప్రతిసారీ, "అందింది" అని చెప్పడానికి, లోపలికి ఒక చిన్న కరెంటు స్పర్శ పంపుతుంది. పలకరిస్తే పలకాలి కదా, అనేవాడు పద్మాకర్. మంచి మనిషే. పేషెంట్ల పేర్లూ వాళ్ళ పిల్లల పేర్లూ కూడా గుర్తుపెట్టుకునే రకం. మొదటి పేషెంటుగా ఎవరిని తీసుకోవాలన్న మాట వచ్చినప్పుడు ఆయన నోరు మెదపలేదు. తండ్రి పేరు చెప్పింది రత్నమే.

ఆమె పని అక్షరాల పట్టిక. కంప్యూటరుకి అక్షరం తెలీదు, అంకె తెలుసు. 'అ' ఒక అంకె, 'క' ఒక అంకె, మాటకీ మాటకీ మధ్య వదిలే ఖాళీ కూడా ఒక అంకె. అంకెకి జతగా బొమ్మ ఉంటే తెర మీద ఆ బొమ్మ గీస్తుంది. బొమ్మ లేకపోతే ఒక ఖాళీ డబ్బా గీసి ఊరుకుంటుంది. ఇక్కడేదో ఉంది, నాకు చూపించడం రాదు, అని దానర్థం. గవరయ్య మెదడు నుంచి ఏదైనా కొత్త అలజడి పదే పదే వస్తే చిప్పు దానికి ఒక కొత్త అంకె ఇచ్చేది. అది ఏ అక్షరమో కనిపెట్టి పక్కన బొమ్మ పెట్టడం రత్నం వంతు. అలా ఒక్కొక్కటే అక్షరం కూడబెట్టి, ఒకనాడు తెర మీద "నీలు" అని చూసినప్పుడు పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నీళ్ళనే అన్నాడు, ఒత్తులదేముంది.

అంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా పరామర్శకి వచ్చినవాళ్ళతోనే. గవరయ్య మాట్లాడుతున్నాడని తెలిసి చుట్టాలంతా బయల్దేరారు. అనకాపల్లి నుంచి పిన్ని వచ్చింది, పళ్ళు పట్టుకుని పాత స్నేహితులు వచ్చారు. మంచం పక్కన నిలబడి ఎలా ఉందని అడిగితే, తెర మీద నాలుగు అక్షరాలూ వాటి మధ్య బోలెడన్ని డబ్బాలూ పడ్డాయి. పిన్ని చెంపలు వేసుకుంది. "ఈ డబ్బాలేటే? మీ నానకి బుర్ర కూడా పోయిందేటి?" అని పైడమ్మ బావురుమంది.

రత్నం ఆ మర్నాడే ఒక పని చేసింది. కంప్యూటర్లో వెడల్పు లేని గుర్తులు కొన్ని ఉంటాయి. అక్షరాల మధ్య కూర్చుంటాయి, కంటికి కనబడవు. పేరు తెలియని అంకెలన్నిటికీ అలాంటి వెడల్పు లేని బొమ్మ తగిలించింది. డబ్బాలు మాయమయ్యాయి. తీసేయలేదు, కనబడకుండా చేసింది, అంతే. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటీ చూద్దామనుకుంది. తీరిక సంగతి మనందరికీ తెలిసిందే.

పద్మాకర్ ఆ పైన ఇంకొకటి చేర్చాడు. డబ్బాలు పోయాక మిగిలిన అక్షరాలు పొడిపొడిగా ఉంటున్నాయని, వాటిని కలిపి నిండు వాక్యాలు చేసే ప్రోగ్రాము పెట్టాడు. "అతుకు" అని పిలుచుకునేవాళ్ళు. తెలుగువాళ్ళు ఆసుపత్రుల్లో, ఫోన్లలో, ఉత్తరాల్లో మాట్లాడుకునే మాటలన్నీ దానికి నేర్పారు. మన ఇళ్ళలో మంచాన పడ్డ మనిషిని ఎలా ఉందని అడిగితే ఏమంటాడు? ప్రాణం పోతున్నా పర్లేదంటాడు. అతుకు అదే నేర్చుకుంది. ఇక గవరయ్య తెర నిండా చక్కటి మాటలు. "పర్లేదు, బాగున్నాను." "మీరంతా భోంచేశారా?" "పైడమ్మా, నీ చేతి చారు తాగాలనుంది." వారం వారం పద్మాకర్ వచ్చి నొప్పి ఏమైనా ఉందా అని అడిగేవాడు. "అబ్బే, ఏమీ లేదు" అని తెర చెప్పేది. గుండె మాత్రం కాస్త గబగబా కొట్టుకుంటోందని నర్సులు అనేవాళ్ళు. మనుషుల్ని చూసిన సంతోషమై ఉంటుందిలే అనుకున్నారు.

ఇప్పుడు రెండో పేషెంటు వంతు వచ్చింది. సుగుణ అని లెక్కల టీచరు. గవరయ్యకి వచ్చిన జబ్బే. ఆ ఉదయమే ఆమె తలలో వాక్కు పెట్టబోతున్నారు. ఆమె భర్త దానియేలు రెండు రోజులుగా వరండాలో బెంచీ మీదే ఉంటున్నాడు. రత్నం ల్యాబుకి వస్తుంటే లేచి నిలబడి, మొహమాటపడుతూ ఒక కోరిక కోరాడు. మీ నాన్నగారు మా ఆవిడ కోసం నిన్న ఏదో అన్నారట కదండీ, ఆ మాట నా ఫోనుకి పంపితే లోపలికి తీసుకెళ్ళే ముందు ఆవిడ చెవిలో చదువుతాను, అన్నాడు. దానిదేముందండీ, ఇప్పుడే పంపుతానంది రత్నం.

గవరయ్య అన్న మాట తెర మీద అలాగే ఉంది. "సుగుణమ్మా, భయం లేదు. అంతా మంచే జరుగుతుంది." రత్నం దాన్ని ఎత్తి దానియేలు ఫోనుకి పంపబోయింది. సందేశం మరీ పొడుగ్గా ఉందని ఫోను ఒప్పుకోలేదు. రెండు ముక్కల మాటకి పొడుగేమిటని నవ్వుకుని మళ్ళీ పంపింది. మళ్ళీ అదే జవాబు.

సగానికి తెంచి పంపుదామని వాక్యం మొదట్లో కర్సరు పెట్టి, పక్కకి జరిపే మీట నొక్కింది. కర్సరు కదల్లేదు. ఇంకోసారి నొక్కింది, కదల్లేదు. మీట పాడైందేమోనని టకటకా నొక్కుతూ పోతే ఎప్పటికో ఒక అక్షరం దాటింది. తర్వాత మళ్ళీ మొండికేసింది. అప్పుడు తట్టింది ఆమెకి. కర్సరు ఆగి లేదు, నడుస్తూనే ఉంది. ఆ రెండు అక్షరాల మధ్య కంటికి కనబడనివి అన్ని ఉన్నాయి.

పాత డబ్బాలే కదా అనుకుంది. అయినా ఇన్నెందుకున్నాయి? వెడల్పు లేని బొమ్మ తీసేసి, అతుకును ఆపింది.

తెర మొత్తం డబ్బాలతో నిండిపోయింది. కిందికి జరిపితే ఇంకా డబ్బాలు, ఇంకా కిందికి జరిపితే ఇంకా. వాటి మధ్య దిక్కులేకుండా అక్కడో అక్షరం, ఇక్కడో అక్షరం. భయం లేదన్న మాటలో గవరయ్య సొంతంగా పంపింది ఒక్క 'భ' మాత్రమే. రత్నం తన ఫోనులో దాచుకున్న మాట తారీకు చూసి, కంప్యూటర్లో ఆ రోజుకి వెళ్ళింది. బంగారుతల్లీ అన్న రోజు. ఒక 'త', చుట్టూ డబ్బాలు. మిగతాదంతా అతుకే.

తండ్రి ఒక్క ప్రేమమాట అన్నాడని బతికిన ఇన్ని నెలలూ ఒక్క చూపులో పోయాయి. మరి ఆయన అన్నదేమిటి?

డబ్బాలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. లోపలి అంకెలు వేరు. బొమ్మలు వద్దని అంకెలే చూపించమంది. ఏ వందరకాలో ఉంటాయనుకుంటే, ఉన్నవి రెండే. మొదటిది ఒకసారి, రెండోది వరసగా చాలాసార్లు. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. మొన్నా అంతే, పోయిన నెలా అంతే, చిప్పు పెట్టిన కొత్తల్లోనూ అంతే. అప్పట్లో కాస్త పలచగా ఉండేవి, రానురాను చిక్కబడ్డాయి.

నాలుకా పెదవులూ కదిపితే వచ్చే అంకెలు ఆమెకి కొట్టినపిండి. ఇవి ఆ కుటుంబానివి కావు. ఇవి చేతులవి. చిప్పు చేతుల అలజడిని కూడా పట్టుకుంటుందని ఆమెకి తెలుసు. అక్షరాలు నోటితోనే వస్తాయి కదా అని ఎవరూ అటు చూడలేదు. మొదట్లో చిప్పును పరీక్షించడానికి ల్యాబులో ఒక బొమ్మమనిషిని తయారుచేసుకున్నారు. తెర మీద గీతలతో గీసిన మనిషి. మెదడు ఏ కదలిక కోరితే బొమ్మ ఆ కదలిక చేస్తుంది. ఆ తర్వాత దాన్ని అందరూ మర్చిపోయారు. రత్నం దాన్ని వెతికి పైకి తీసి, మొదటి అంకె ఇచ్చింది.

బొమ్మమనిషి కుడిచెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి, నెత్తిన తట్టుకున్నాడు.

రత్నం కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండో అంకె కూడా ఇచ్చింది. బొమ్మమనిషి రెండు చేతులూ పక్కలకి బారజాపి, అరచేతులు నేలకేసి పెట్టి, అటూ ఇటూ ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం ఏమిటో పక్కగదిలో వాళ్ళకి అర్థం కాలేదు. ఏమైందని అడుగుతూ వాళ్ళు వచ్చేసరికి ఆమె టాబ్లెట్టు చేతపట్టుకుని మెట్లు దిగుతోంది.

కింది అంతస్తులో గవరయ్య గదిలో పైడమ్మ తడిగుడ్డతో భర్త మొహం తుడుస్తోంది. తెర మీద "హాయిగా ఉంది" అని పడితే, కాదూ మరి, అని దాంతో కబుర్లు చెబుతోంది. రత్నం ఏమీ చెప్పకుండా ఆ తెర తన వైపు తిప్పుకుని మాటలు ఆపేసింది. వాటి చోట బొమ్మమనిషిని పెట్టింది. ఇప్పుడు గవరయ్య ఏది అనుకుంటే బొమ్మ అది చేస్తుంది. ఇద్దరూ చూస్తుండగా బొమ్మ నెత్తిన తట్టుకుంది. చేతులు చాపి ఊపింది. ఊపిన ప్రతిసారీ మంచం తలాపున గుండె మిషను అంకె ఎగిరిపడింది. చిప్పు తన పద్ధతిలో తాను, అందింది, అందింది, అని కరెంటు పంపుతోంది.

అందరికంటే ముందు అర్థమైంది పైడమ్మకే. ముప్ఫై ఏళ్ళు ఆ సైగలకి అన్నం పెట్టిన మనిషి. చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.

"ఆపమంటన్నాడే" అంది. "నిన్నేనే. పెద్ద హుక్కంటే నువ్వే కదే."

రత్నానికి అంతా ఒక్కసారి బోధపడింది. చీమ పాకినట్టుంటుందని తామనుకున్న ఆ స్పర్శ ఎప్పుడో నిప్పుగా మారింది. ఆయన ఆపమన్నాడు. మిషను విని, విన్నానని చెప్పడానికి మరోసారి కాల్చింది. ఆయన మళ్ళీ ఆపమన్నాడు, అది మళ్ళీ కాల్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, చెబితే కాలుతుంది. కాలుతుందని తెలిసి కూడా ఆయన చెబుతూనే ఉన్నాడు, కూతురు అక్షరాల పనిలో ఉంది కాబట్టి ఎప్పటికైనా చూస్తుందని. ఆ మాటనే ఆమె పిన్నికి కనబడకూడదని దాచిపెట్టింది. పైన "పర్లేదు, బాగున్నాను" అని అతికించి చుట్టాలకి చూపించింది.

పద్మాకర్‌కి ఫోను చేసింది. ఆయన ఆపరేషనుకి సిద్ధమవుతున్నాడు. ముందు నమ్మలేదు. ఆ సైగలు మెదడులో ఊరికే తిరిగే పాత అలవాటు కావచ్చన్నాడు. వినే తీగా, కరెంటు పంపే తీగా ఒకటే కాబట్టి ఒకటి ఉంచి ఒకటి ఆపడం కుదరదన్నాడు. ఇన్నాళ్ళు నడిచిన చిప్పును ఒకసారి ఆపితే మెదడు దాని చుట్టూ మూసుకుపోతుందనీ, మళ్ళీ పనిచేయకపోవచ్చనీ గుర్తుచేశాడు. "తొందరపడకు రత్నం. మీ నాన్నగారి గొంతు అది. సాయంత్రం కూర్చుని ఆలోచిద్దాం" అన్నాడు. ఆ గొంతులో దురుద్దేశమేమీ లేదు. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది.

ఫోను పెట్టేసి తల్లి వైపు చూసింది. పైడమ్మకి అంతా అర్థమైంది, కానీ ఆమెకీ ఒక ఆశ ఉంది. చారు తాగాలనుందన్న మాటని ఆమె ఊరంతా చెప్పుకుంది. ఆ రోజు నుంచీ రోజూ చారు కాచి, వాసన చూపించడానికి గిన్నెతో తెస్తోంది.

"ఆపేస్తే మరింక ఏటీ మాటాడడా?" అని అడిగింది.

రత్నం తల అడ్డంగా ఊపింది.

"ఆ చారు మాట?"

రత్నం తెర వైపు తల తిప్పుకుంది. పైడమ్మ కూతురి మొహం చూసి, అదీ ఆయనన్నది కాదని గ్రహించింది. కిటికీ గట్టు మీదున్న గిన్నె వంక ఒకసారి చూసింది. ఆమె కన్నీళ్ళు పెట్టుకోలేదు. నిలబడ్డదల్లా కుర్చీలో కూర్చుంది. బొమ్మమనిషి వాళ్ళిద్దరి ముందూ నెత్తిన తట్టుకుంటూ, చేతులు ఊపుతూనే ఉన్నాడు.

"మీ నాన ఏటని సెప్పీవోడే? ముందు ఆగాలనీవోడు కాదా? మరి నన్నేటి అడుగుతావు?"

రత్నం చిప్పును ఆపే మీట నొక్కింది.

బొమ్మమనిషి చేతులు గాలిలోనే నిలిచిపోయాయి. గదిలో ఏ మార్పూ లేదు. గవరయ్య మొహం ఎప్పటిలాగే కప్పుకేసి ఉంది. తాను చేసింది తప్పేమో, తండ్రి గొంతు చేజేతులా నులిమేశానేమో అని రత్నం తలాపునున్న మిషను వంక చూసింది. అప్పుడు గుండె మిషను మీది అంకె దిగడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటే, ఆగి ఆగి, దిగుతూ పోయింది. జబ్బు పడిన దగ్గర్నుంచీ ఆ మిషను మీద అంత చిన్న అంకె వాళ్ళు చూడలేదు. పైడమ్మ లేచి భర్త రెండు పాదాలూ పట్టుకుని, వాటి మీద తల ఆనించి, అప్పుడు ఏడ్చింది.

రత్నం తండ్రి చెవి దగ్గరికి వంగింది. ఆయన వింటాడని తెలుసు, ఇక జవాబు రాదనీ తెలుసు. "చూశాను నాన్నా. ఆపేశాను" అంది. క్షమించమని అడగలేదు. అడిగితే అది ఆయన మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుందనిపించింది.

కిటికీలోంచి ఎదుటి బ్లాకు కనబడుతోంది. అక్కడ గాజుతలుపుల వెనక స్ట్రెచరు కదిలింది. పక్కన నడుస్తున్నది దానియేలు. సుగుణకి పెట్టబోయేదీ ఇదే చిప్పు, ఇదే తీగ. ఆమె లెక్కల టీచరు. ఆమె ఆపమంటే ఏ రూపంలో అంటుందో? దానికీ పట్టికలో అంకె ఉంటుంది, బొమ్మ ఉండదు. పైన అతుకు కూర్చుని, "పర్లేదండీ, హాయిగా ఉంది" అని మొగుడికి చెబుతుంది.

ఆమె పరిగెత్తింది. రెండు బ్లాకుల్నీ కలిపే వంతెన మీద మనుషుల్ని తోసుకుంటూ పరిగెత్తింది. ఎవరో తిట్టారు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. ఆపరేషను థియేటరు ముందున్న పొడుగాటి వరండాలోకి వచ్చేసరికి స్ట్రెచరు ఆమెకేసే వస్తోంది. పక్కన ఆకుపచ్చ గౌనులో పద్మాకర్. సుగుణ కళ్ళు తెరుచుకుని కప్పునే చూస్తున్నాయి. ఆమె వింటోంది, ఆమెకి అన్నీ వినబడతాయి.

రత్నం అరవబోయింది. ఆయాసంతో గొంతు పెగల్లేదు. వరండా మధ్యలో నిలబడి రెండు చేతులూ బారజాపింది. అరచేతులు నేలకేసి పెట్టి, అటూ ఇటూ ఊపింది. జీవితంలో ఒక్కసారి, అదీ ఆటలో చేసి దెబ్బ తిన్న సైగ.

స్ట్రెచరు తోస్తున్నవాళ్ళు తికమకపడి ఆగారు. చక్రాలు కీచుమని నిలిచాయి. పద్మాకర్ మాస్కు కిందికి లాగాడు. "ఏమిటిది రత్నం? పేషెంటు ముందు ఇలాగేనా?" అన్నాడు. ఆయన మొహంలో కోపం కంటే ఎక్కువగా భయముంది. ఫోనులో విన్నది నిజమేమోనన్న భయం.

"ముందు ఆపండి సార్. ఎందుకో తర్వాత చెప్తాను."

దానియేలు ఒక అడుగు ముందుకొచ్చాడు. చేతిలో ఫోను తెరిచే ఉంది. రాని సందేశం కోసం దారి పొడుగునా దాన్ని చూసుకుంటూ వచ్చినట్టున్నాడు.

"మీ నాన్నగారు భయం లేదన్నారు కదండీ?" అన్నాడు.

"మా నాన్న ఆ మాట అనలేదండీ."

"మరేమన్నారు?"

"నన్ను పిలిచారు" అంది రత్నం. "ఇన్నాళ్ళూ నన్నే పిలిచారు."

ఆమె చేతులు మాత్రం ఇంకా దించలేదు.